మూగ తక్కెడ

ఆ రోజు ఆ ఇంట్లో నలుగురున్నారు. ముందుగదిలో కుట్టుమిషను దగ్గర దర్జీ తాత, వంటగదిలో ఆయన భార్య, గుమ్మంలో జడ వేసుకుంటున్న కూతురు, పొయ్యి పక్కన పీట మీద త్రాసుతో సర్వే ఆవిడ.

ఎవరేం తింటారో ఇంటింటికీ వెళ్ళి అడిగేవాళ్ళు వేరే ఉన్నారు. ఆ జవాబులు నిజమో కాదో వంట దగ్గర కూర్చుని తూచి చూడటం ఈవిడ పని. ఈసారి చూడాల్సింది ఉప్పు. ‘గుండెజబ్బు మనిషి కదా, ఆయన కూర విడిగా వండుతాం, ఉప్పు చిటికెడే’ అని ఆ ఇంటివాళ్ళు చెప్పి ఉన్నారు.

తూచాలి, రాసుకోవాలి, నోరు మెదపకూడదు. ఏమన్నా అంటే ఆ పూటకి వంట మార్చేస్తారు, కొలత పాడవుతుంది. చిన్నప్పుడు ఎవరు గట్టిగా పిలిచినా బీరువా వెనక దాక్కున్న మనిషికి ఇలాంటి పని దొరకడం అదృష్టమే. తమ్ముడైతే ‘మూగ తక్కెడ’ అని ఏడిపిస్తాడు.

ఈరోజు మాత్రం భయంగా ఉంది. పొద్దున్నుంచీ తాత ఊపిరి వినిపిస్తోంది, తడిగుడ్డ నేల మీద ఈడ్చినట్టు. మిషను తొక్కే పాదాలు ఉబ్బిపోయి చీలమండలే కనిపించడం లేదు.

చిన్నగిన్నెలో కూర ఉడుకుతుండగా భార్య వెనక్కి చూసి, చెంచాడు ఉప్పు వేసింది. “చప్పిడి కూడు ఎన్నాళ్ళు తింటాడమ్మా? మా అమ్మాయికి చెప్పకు, నన్ను నమిలేస్తుంది.”

ఆవిడ ఉప్పుడబ్బా తూచి రాసుకుంది.

తల్లి పెరట్లోకి వెళ్ళగానే కూతురొచ్చి గిన్నె మూత తీసింది. “అమ్మకి డాక్టరంటే హడలు, అస్సలు వెయ్యదక్కా. పాపం నాన్న!” డబ్బాలోంచి గుప్పిట పట్టి ఉప్పు రాల్చింది. “మీరు చూళ్ళేదు, సరేనా?”

ఆవిడ మళ్ళీ తూచింది. మొదటి అంకె కింద రెండోది రాసుకుంది.

కంచం ముందు కూర్చున్న తాత, ఆడవాళ్ళిద్దరూ అటు తిరిగినప్పుడు జేబులోంచి పొట్లం తీసి కూర మీద చల్లుకున్నాడు. ఆవిడకేసి కన్నుగీటాడు. “వీళ్ళు గడ్డి పెడతారు తల్లీ. మందులకి నాలుక కూడా చచ్చింది, ఎంత చల్లినా తెలీదు.”

ముగ్గురి గుట్టూ ఇప్పుడు ఆవిడ ఒక్కదానికే తెలుసు. తాత ఒక ముద్ద తిన్నాడు. రెండోది ఎత్తాడు.

“తినకండి!”

అది తన గొంతేనా అని ఆవిడే బెదిరింది. “ముగ్గురూ వేశారు. ఒకరికి తెలియకుండా ఒకరు. అంత ఉప్పు ఆయన గుండె మోయలేదు.”

తల్లి కూతుర్ని చూసింది. కూతురు తల్లిని చూసింది. “ముగ్గురం వేసినా ఇంత చప్పగా ఏడ్చిందేంటే!” అని తాత నవ్వబోయాడు. నవ్వు దగ్గైంది. దగ్గు ఆగలేదు. పెదాలు నీలంగా మారుతుంటే కూతురు కంచం పక్కకి లాగేసి, ఫోనందుకుని డాక్టరు కోసం అరిచింది.

భార్య మాత్రం త్రాసు సంచీ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది, గుమ్మందాకా నడిపించింది. ఆమె చెయ్యి మంచుగడ్డలా ఉంది.

“రోజూ ఇలాగేనా? ఇన్నాళ్ళూ ఇంతుప్పు మేమే పెట్టామా?”

ఆవిడ నోరు తెరిచింది.

“వద్దు. చెప్పకు,” అంటూ ఆమె తలుపు వేసేసింది. మూసుకుపోతున్న సందులోంచి మిషను కనిపించింది. ఎవరో చంటిపిల్లాడి చొక్కా చేతిలో సూది దిగబడి ఉంది, కుట్టు సగంలో.