దారమంత నీళ్లు

నల్లప్ప వంగి, చేతులు కడుక్కునే తొట్టి కింద వాల్వును ఇంకాస్త బిగించాడు. కొళాయి నీళ్లు దారమంత సన్నబడ్డాయి. అనంతపురంలోని ఆ ఆసుపత్రిలో నీళ్ల పని అతనిదే. వార్డులో కిటికీ వైపు తొట్ల వాల్వులన్నీ రోజూ అలాగే బిగిస్తాడు. గోడ వైపు నర్సు బల్ల ఉంది. అక్కడ ధైర్యం చాలదు.

"అంతే చాలప్పా. నీళ్లు పట్టుపోగు మాదిరి రావల్ల," అన్నాడు మంచం మీది తిమ్మప్ప. ధర్మవరం నేతగాడు. కడుపు కోసి కుట్లు వేశారు. కుట్లు చీము పట్టి, రెండు రోజులుగా ఒళ్లు కాలుతోంది.

వార్డు కట్టేటప్పుడు వాకిలి దగ్గర ఒక్క తొట్టి చాలు, తక్కినవి దండగ ఖర్చని మేనేజరు జయరాం వాదించాడు. రెండు మంచాలకొకటి లేకుంటే అనుమతి రాదన్నాడు ఇంజనీరు. నల్లప్ప మనసులో మేనేజరు పక్షమే. కొత్తచెరువు దగ్గరి అతని ఊళ్లో ముఖం కడిగిన నీళ్లు పాడి ఎనుముకు పోసేవాళ్లు. బిందెలు మోసి మోసి పెళ్లాం మెడ ఒక పక్కకు ఒరిగింది. ఒరిగిన మెడతోనే పోయింది. ఆసుపత్రికి తోలించే ట్యాంకరు నీళ్లు తూములోకి పోతుంటే అతనికి ఆ మెడే కనబడేది.

ఆ రోజు కిటికీ వైపు ఒక పైపు కారుతుంటే గొంతుకూర్చుని బాగుచేస్తూ డాక్టరును చూశాడు. పక్క మంచం మనిషి గాయం విప్పి చూసిన డాక్టరు, కొళాయి పొడుగు పిడిని మోచేత్తో నెట్టాడు. దారం రాలింది. క్షణం చూసి, వేళ్లు కోటుకు తుడుచుకుని, తిమ్మప్ప కట్టు మీద చెయ్యి వేశాడు. గోడ వైపు పోయాక అదే డాక్టరు ప్రతి మంచం దగ్గరా మోచేతుల దాకా కడుక్కున్నాడు.

అదే మనిషి, అవే చేతులు. నల్లప్పకు వింతగా తోచింది. పోయి నర్సు ఇంద్రాణిని అడిగాడు.

"చెయ్యి సోమరిదన్నా. నీళ్లు దండిగా వస్తే కడుక్కుంటాది, లేకుంటే పక్క మంచానికి పోతాది. తొట్లు అంత దగ్గర పెట్టిందే అందుకు. కిటికీ పక్క కుట్లన్నీ చీము పడతాండాయి, ఈ పక్క ఒక్కరికీ లేదు. ఆడ నీళ్లెందుకు సన్నంగా వస్తాండాయో నువ్వన్నా చూడు."

చూస్తానన్నాడు. చూడాల్సిందేముంది?

కిటికీ వైపు వాల్వులన్నీ ఒకటొకటే విప్పాడు. నీళ్లు తొట్టిని కొట్టిన చప్పుడుకు తిమ్మప్ప కళ్లు తెరిచాడు.

"ఏమప్పా, ఎవురబ్బ సొమ్మని పారబోస్తాండావు?"

నల్లప్ప ఆ వాల్వును చివరిదాకా విప్పాడు.

దీపాల వేళకు తిమ్మప్ప పోయాడు. భార్య సుబ్బరత్నమ్మ మూట కట్టుకుని శవం వెంట వెళ్లింది. ఆయా దుప్పటి లాగేసింది. మంచం కింద, పళ్లెం మూత పెట్టిన చెంబు ఒకటి మిగిలింది. ఆ కొళాయి కింద ఓపిగ్గా పట్టి దాచుకున్న నీళ్లు, అంచు దాకా.