ఒకటే ధర చీర

మా దుకాణానికి బోర్డు మీద వేరే పేరుండేది గాని, వరంగల్‌లో ఎవరిని అడిగినా ఒకటే ధర దుకాణం అనే చెప్పేవారు. డెబ్బై ఆరులో స్టేషన్ రోడ్డు పక్క గల్లీలో మొదలుపెట్టాం. మా ఆయన పర్శరాములు మగ్గం పక్కన పెరిగిన మనిషి. బేరమంటే ఆయనకు ఒళ్లు మంట. పక్క దుకాణాల్లో పరుపులు, దిండ్లు, వచ్చినవాళ్లకు చాయ్, ఆ తర్వాత గంటసేపు బేరం. మా దగ్గర ఒక చెక్క బల్ల, నాలుగు అరలు, కొన్న చీరకు చుట్టడానికి సుతిలి, అంతే. నూలు మేమే కొని, నేతవాళ్లకు తూకం వేసి ఇచ్చి, కూలి చేతిలో పెట్టి చీరలు తెచ్చుకునేవాళ్లం. మధ్యలో తినేవాడు లేడు. అందుకే బజారులో ముప్పైకి దొరికే నేత చీరను ఇరవై ఆరుకు అమ్మినా మాకు మిగిలేది.

మిల్లులో ఊడ్చే మల్లవ్వ ఆ ఏడు మా దగ్గర రెండు చీరలు కొన్నది. ఎర్రంచు, లోపల సన్నటి పసుపు గీత. భుజం మీద వేసుకుని, "ఒక్క ఏడాదిల రెండు కొత్త చీరెలక్కా, నా పెండ్లికి గూడ గిట్ల లేదు" అంది. నాకు ఎంత గర్వమనిపించిందో చెప్పలేను. ఎవరేమన్నా సరే, ఆ రోజు మేం చేసింది మంచి పనే అని ఇప్పటికీ అంటాను.

ఎనభై రెండులో హనుమకొండలో మరమగ్గాల చీరల దుకాణం పెద్దది పడింది. అక్కడ చీర ఇరవై నాలుగు. మా ఆయనకు నిద్ర పట్టలేదు. మూడో రోజు పొద్దున్నే, "ఇరవై రెండుకు అమ్ముదాం" అన్నాడు.

"గా నాలుగు రూపాయలు యాడికెల్లి తెస్తవయ్యా?" అన్నాను.

చాయ్, పరుపులు మొదటి నుంచీ లేవాయె, తగ్గించడానికి ఇంకేం మిగిలింది? వారం తిరక్కముందే చీరకిచ్చే నూలు తూకం తగ్గింది, కూలిలో ఒక రూపాయి తగ్గింది.

కొత్తవాడలో మాకు నేసేవాళ్లలో మొనగాడు మా అన్న సిద్దిరాములు. నూలు చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. "బావా, గీ నూలుతోని చీర గాదు, దోమతెర అయితది" అన్నాడు నవ్వుతూ.

"జర సర్దుకో బావా. సరుకు అమ్ముడుపోతేనే గద నీకు పని" అన్నాడు మా ఆయన.

అన్న నా వైపు చూశాడు. నేను ఒక్క మాట అంటే ఆగేదేమో. దులపడానికేమీ లేకున్నా కొంగు దులుపుకుంటూ నిలబడ్డాను. నా తప్పు అక్కడ మొదలైంది.

అమ్మకాలు మాత్రం విరగబడి పెరిగాయి. కాకపోతే చీరను భుజం మీద వేసుకుని చూసుకునేవాళ్లు తగ్గారు. పెండ్లిళ్ల వాళ్లు వచ్చి ఇరవై, ముప్పై ఒకేసారి కట్టించుకుపోయేవారు. ఏ రంగు కావాలని అడిగితే, "ఏదైతేంది అమ్మా, కట్టుకునేటందుకా? పెట్టుడుకు" అనేవారు. చుట్టాలకు మర్యాదకు పెట్టే బట్టలన్నమాట. మా ఆయన మురిసిపోయాడు. నాకు మాత్రం ఆ మాట గుచ్చుకుంది.

పుచ్చుకునేవాళ్లు గుడ్డివాళ్లు కారు కదా. ఆ ఎర్రంచు, ఆ పసుపు గీత ఊరందరికీ గుర్తే. "మాకు ఒకటే ధర చీర పెట్టిండ్రు" అని హసన్‌పర్తిలో ఒక పెండ్లిలో వియ్యపురాండ్లు అలిగి అన్నం ముట్టలేదట. మా పేరు తిట్టయి కూర్చుంది. ముందు కట్టుకోవడానికి కొనేవాళ్లు రావడం మానేశారు. తర్వాత పెట్టుడుకు కొనేవాళ్లూ వెనకాడారు. మా ఆయనకు తెలిసిన మందు ఒకటే. ధర మరో రూపాయి దించి ఇరవై ఒకటి చేశాడు, నూలు మరో పిడికెడు తగ్గించాడు.

ఎనభై నాలుగులో హనుమకొండలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాం. ఇంట్లోకి వచ్చిన నాడు పుట్టింటివాళ్లు ఆడబిడ్డకు కొత్త చీర కట్టించి ఒడిబియ్యం పోయాలి. అన్న, వదిన వచ్చారు. నలుగురి నడుమ అన్న పళ్లెం పట్టుకొచ్చాడు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పక్కన చీర.

ఎర్రంచు. లోపల పసుపు గీత.

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. నాకు అన్న మీద ఎంత కోపమొచ్చిందంటే కండ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఇంతమందిల గిదేందన్నా?" అన్నాను మెల్లగా.

"ఏం జేయాలె చెల్లె? మగ్గం మీదున్నదంత మీ నూలే. అండ్ల నేసుకుంటే దొంగతనమైతది. వచ్చే కూలికి గదే అందింది, మీ దుకాణానికే పోయి కొన్న. బావే ఇచ్చిండు."

"ఎంతకు?"

"ఒకటే ధర గద."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గుమ్మానికి కట్టిన మామిడాకులు చూస్తున్నాడు.

కట్టుకున్నాను. రెండేండ్లుగా బల్ల వెనక నిలబడి "మంచిగుంటది తీస్కో" అని ఎందరితో అన్నానో ఆ చీరనే. లోపలి లంగా గీతలు బయటికి కనబడుతున్నాయి. పీట మీద కూర్చుని కొంగు పట్టాను. వదిన దోసిళ్లతో బియ్యం పోసింది, అన్న పోశాడు. పోయాల్సిన ఐదు సేర్లు ఇంకా పూర్తి కాలేదు. కొంగు చర్రున చినిగి బియ్యమంతా నేల మీద పడింది.

ఒడిబియ్యం నేలపాలు కావడమంటే మాటలా!

అన్న మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో బియ్యం దగ్గరికి చేస్తూ, "నేసింది నేనే. తప్పు నాదే. మా చెల్లెనేం అనకుండ్రి" అన్నాడు.

"నేత నీదే అన్నా, నూలు మాది" అన్నాను. అందరికీ వినబడేటట్టే అన్నాను.

అప్పుడు పిలుపుకు వచ్చినవాళ్లలోంచి మల్లవ్వ ముందుకొచ్చి తన కొంగు పరిచింది. "గిండ్ల పోయి అన్నా." పండుగలకే కట్టే చీరట. రంగు వెలిసింది గాని ఎర్రంచు, పసుపు గీత అవే. ఎనిమిదేండ్ల కింద మా దగ్గర కొన్నది, మా అన్న నేసింది. బియ్యమంతా ఎత్తి పోసినా ఆ కొంగు పిగలలేదు. మా ఆయన ఆ కొంగునే చూస్తూ నిలబడ్డాడు.

మర్నాడు ఆయనే కొత్తవాడకు పోయి పాత తూకం నూలు, పాత కూలి ఇచ్చి వచ్చాడు. నూలు ధర పెరిగి ఉంది, చీర ముప్పై పడింది. ముప్పై అని చెప్పగానే, "ఒకటే ధర దుకాణంల ముప్పయ్యా?" అని మెట్టు దిగిపోయేవారు. మంచి చీర కావలసినవాళ్లు మా గల్లీలోకే రారు. నెలరోజులకు పన్నెండే చీరలు అమ్ముడుపోయాయి. మగ్గం ఆపమంటారా అని అన్న కబురంపాడు.

ఆ వారమే మల్లవ్వ వచ్చింది. నా ప్రాణం లేచొచ్చింది. కొత్త చీర మడత విప్పి నేనే ఆమె భుజం మీద వేశాను. అంచు నిమిరి చూసుకుంది. మొఖం వెలిగింది.

"ఎంతక్కా?"

చెప్పాను.

మల్లవ్వ చీర తీసి, మడత చెడకుండా జాగ్రత్తగా పెట్టి, బల్ల మీద నా వైపు జరిపింది.

"గా ఇరవై ఒక్కటిది లేదా అక్కా?" అంది.