నూట నలభై రెండు డూప్లికేట్లు

ట్రాక్టరులోకి విసిరిన బుట్టలోంచి అనాసపళ్లు రోడ్డు మీదికి దొర్లాయి. ఏరుకోబోయిన అప్పాయమ్మను మున్సిపల్ ఆఫీసు మనిషి పక్కకు నెట్టేశాడు. మొదటి బస్సుకు కొండ దిగి వచ్చిన ముసలి ప్రాణం.

"మమ్మల్ని లేపీమని ఎవులు సెప్పారు బాబూ?"

"ప్రజలే. రోడ్డు పక్క అమ్మకాలు ఉండాలా, ఊరి బయటికి పోవాలా అని యాప్‌లో అడిగాం. నర్సీపట్నం ప్రజలు పొమ్మన్నారు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ యాప్‌లో మేమూ చెప్పాం. మా అమ్మ అక్కడే పసుపు అమ్ముతుంది. డిగ్రీ చదువుతున్నదాన్నని అందరూ నా చుట్టూ చేరారు. మూడు రోజులు బుట్టల మధ్య కూర్చుని, ఒక్కొక్కరి పేరూ మాటా నా ఫోన్‌లోంచి పంపాను. నాతో కలిపి నూట నలభై మూడు మంది. సగం మందికి ఫోన్ లేదు. ఉన్నవాళ్ల ఫోన్లలో ఈ యాప్ పనిచెయ్యదు.

అప్పాయమ్మను తీసుకుని ఆఫీసుకు వెళ్లాను. అధికారి జగదీశ్వరరావు కంప్యూటర్ మా వైపు తిప్పాడు.

"ఒక నంబరుకు ఒకే అభిప్రాయం. నీది ఒక్కటే తీసుకుంది. మిగతా నూట నలభై రెండూ డూప్లికేట్లని సిస్టమ్ కొట్టేసింది. నన్నేం చెయ్యమంటావమ్మా?"

"డూప్లికేటంటే ఏటమ్మా?" అప్పాయమ్మ నన్నడిగింది.

"ఒకే మనిషి మళ్లీ మళ్లీ చెప్పినట్టు లెక్క."

"అయితే నాను లేనన్నమాట" అంది ఆమె.

సాయంత్రం బస్టాండు వెనక అందరం చేరాం.

"తలో సిమ్ముకార్డు కొందాం. ఈ పిల్ల ఫోన్లోనే ఒక్కోటీ వేసి మళ్లీ పంపుదాం" అన్నాడు అరటిపళ్ల సూరన్న.

విస్తళ్లు కుట్టే అడ్డాకులమ్మే సోమలమ్మ విరుచుకుపడింది. "అది కొంటే రేపు ఇంకోటి అడుగుతారు! కార్లో కూకున్నోడు ఏలితో నొక్కి మన పొట్ట కొట్టీసేడు. మనం నోటితో సెబుదాం. మనిషిని ఎదురుగా సూసి డూప్లికేటనమను!"

సోమవారం ఆఫీసు కిటికీ ముందు నూట నలభై మూడు మందిమీ వరసలో నిలబడ్డాం.

"సోమలమ్మ. రోడ్డు వొదల్ను. రాసుకోండి."

గుమస్తా కలం తియ్యలేదు. "ఇలా కాదు. యాప్‌లోనే చెప్పాలి."

ఆమె మళ్లీ చెప్పింది. మళ్లీ, మళ్లీ చెప్పింది. పోలీసులు వచ్చారు. ఆఫీసు పనికి అడ్డుపడుతోందట! ఈడ్చుకెళ్లి వ్యానెక్కించారు. ఆ చోటికి సూరన్న జరిగాడు. ఆయన్నీ ఎక్కించారు. తర్వాత అప్పాయమ్మ. తర్వాత మా అమ్మ. అమ్మ జుట్టుముడి ఊడిపోయింది గానీ పేరు మాత్రం గట్టిగా చెప్పింది.

ఇలా ఒక్కొక్కరినీ ఎక్కిస్తుంటే వ్యాను నిండిపోయింది. వరసలో ఇంకా నూటపాతిక మందిమి ఉన్నాం.

నా వంతు వచ్చింది. కిటికీ ఊచలు పట్టుకున్నాను.

"లోవలక్ష్మి. రాసుకోండి."