కిటికీకి కుక్కిన సబ్బు

నా జీవితంలో లాభం ఎక్కడ మొదలైందని ఎవరైనా అడిగితే, కొట్టు వెనక గదిలోని కిటికీ చూపిస్తాను. దాని రెక్క సరిగా పడదు. గాలి వీస్తే టపటపా కొట్టుకుంటుంది.

అప్పటికి మాకు పెళ్లయి ఏడాది దాటింది. ముందు గదిలో కిరాణా, వెనక గదిలో సబ్బు. కిరాణా మా పొట్ట నింపేది, సబ్బు కిరాణాను ఖాళీ చేసేది. నేనూ మా ఆవిడా ముక్కులకు గుడ్డలు కట్టుకుని, కాస్టిక్ సోడా నీళ్లను నూనెలో పోసి, రెక్కలు పడిపోయేదాకా తెడ్డుతో కలిపేవాళ్లం. అచ్చులో గట్టిపడగానే తీగతో కోసి, మైనపు కాగితంలో చుట్టి, రేకు డబ్బాలో ఇరికించి మూతపెట్టేవాళ్లం. కొట్లో పెరిగినవాణ్ణి, చుట్టని సరుకు కళ్లబడితే నాకు కాలూ చెయ్యీ ఆడదు.

డబ్బా తెరిచేసరికి సబ్బులకు చెమటపట్టి, కాగితం అతుక్కుపోయి ఉండేది. కొన్నవాళ్లు చేతులు మండుతున్నాయని తిరిగి తెచ్చేవారు. నూనె మార్చాం. కాస్టిక్ తగ్గించాం. కొత్త అచ్చు చేయించాం. అత్తరు కూడా కలిపాం, మంచి వాసనేసే బంక తయారైంది.

బామ్మర్ది అక్కను చూడ్డానికని తరచూ వచ్చేవాడు.

"బావా, ఇది ఒంటికా, గోడకా?"

"నీ నోటికి. తెరువు, పెడతాను."

"ఒరేయ్, బావతో ఆ మాటలేంట్రా!" అనేది మా ఆవిడ, నవ్వు ఆపుకుంటూ.

ఒకసారి వాడు మాట్లాడుతుంటే కిటికీ ఊరుకోలేదు. తిరిగొచ్చిన సబ్బు ఒకటి తీసి, కాగితం ఒలిచి, రెక్క సందులో కుక్కాడు.

"ఇదిగో బావా, నీ సరుక్కి ఉద్యోగం దొరికింది."

నాకూ ఒక ఉద్యోగం తెచ్చాడు వాడు. వానలు పడేలోపు సబ్బు నిలబడకపోతే కొట్టు మూసేసి, తన బట్టల కొట్లో కూర్చోమని మామగారి కబురు. ఆయన మంచి మనిషే. కానీ అక్కడ నేను పిలిస్తే పలికే అల్లుణ్ణి, ఇక్కడ షావుకారుని.

ఆ తర్వాత చేసిన సబ్బూ బంకే అయింది. మా ఆవిడ తెడ్డు కడిగి గోడకు ఆనించింది.

"ఇక చాలండీ. నాన్న మాట విందాం."

చేతుల జిడ్డు వదిలించుకుందామంటే, సబ్బు చేసే ఇంట్లో పనికొచ్చే సబ్బు లేదు. విసుగ్గా కిటికీ సందులోది లాగింది. ఊడి కింద పడింది. టక్కుమంది, రాయి పడ్డట్టు.

"ఏమండీ, ఇలా రండి!"

ఆమె అరచేతుల నిండా తెల్లటి నురగ. మంట లేదు, బంక లేదు. అన్నీ మార్చాం గానీ కాగితం మార్చలేదు. లోపలి తడి ఆరకముందే చుట్టి, మూతపెట్టి, మా సరుక్కి మేమే ఊపిరాడకుండా చేశాం.

"ఎన్నాళ్లు ఆరనివ్వాలి?" అన్నాను.

"దాన్నే అడగండి."

మళ్లీ తెడ్డు పట్టాం. ఈసారి సబ్బుల్ని మంచం మీద, బీరువా మీద, కిటికీ గట్టున ఎడంగా పేర్చాం. మేం నేల మీద పడుకున్నాం. ఎదురుగా సరుకు పెట్టుకుని అమ్మకుండా కూర్చోవడం కన్నా కష్టమైన పని నేను ఇప్పటికీ చేయలేదు. ఒకావిడ కిటికీలోంచి చూసి అడిగితే, "ఇంకా ఆరలేదమ్మా" అన్నాను. అన్నది నేనేనా అని మా ఆవిడ వంటగదిలోంచి తొంగి చూసింది.

తొలి జల్లు పడ్డ పూట మామగారు బురద కాళ్లతో వచ్చారు. మా ఆవిడ నీళ్లతో పాటు ఒక సబ్బు అందించింది. ఆయన కాళ్లు కడుక్కున్నారు. చేతులు కడుక్కుని వాసన చూసుకున్నారు. బట్టల వ్యాపారి కదా, సబ్బును వెలుతురుకి పట్టి, గోటితో గీరి, నేత చూసినట్టు చూశారు.

"మీ అమ్మకొకటి చుట్టివ్వమ్మా."

"ఇప్పుడు చుట్టొచ్చు నాన్నా" అంది మా ఆవిడ, నావైపు చూస్తూ.

బట్టల కొట్టు మాట ఆయన ఎత్తలేదు. నేను గుర్తు చేస్తానా?

ఇప్పుడు సబ్బులు పెద్ద షెడ్డులో ఆరుతున్నాయి. కిటికీ మార్పిస్తామని పిల్లలంటే వద్దంటాను. బామ్మర్దికి జుట్టు పోయింది గానీ నోరు పోలేదు. వచ్చినప్పుడల్లా ఆ సందులో కొత్త సబ్బు కుక్కి, "దీనికి జీతం పెంచావా బావా?" అంటాడు. మా ఆవిడ మోకాళ్లు పట్టుకుంటూ లేచి వెళ్లి, కాగితం ఒలిచాడో లేదో చూసి వస్తుంది.