చంద్రవ్వ ఊడవని గీత

తెల్లారగానే తన వాకిలి ఊడ్చి సాన్పి చల్లాక, చంద్రవ్వకు ఊడవాల్సింది ఇంకోటి మిగిలేది. అది చెరువు. ఈతాకుల చీపురు భుజాన వేసుకుని కట్ట ఎక్కి, తెప్ప విప్పుకుని, నీళ్ల మీద నిన్నటి గీతలన్నీ ఊడ్చి వచ్చేది.

సిద్దిపేట నుంచి నారాయణరావుపేట పోయే తోవలో ఉన్న ఆ చెరువు తన మీద పడిన గీతను చెరుపుకోదు. బర్రె ఈదితే దాని వంకర దారి అవతలి ఒడ్డుదాకా అలాగే ఉంటుంది. చేపలకు పోయినవాడు ఎక్కడెక్కడ తిరిగాడో, వాడు ఇల్లు చేరకముందే పెళ్లాం కట్ట మీద నిలబడి చదివేసేది. అందుకని ఊరి మొగవాళ్లు చెరువు మీద మర్యాదగానే మెలిగేవారు.

తొంభై రెండులో పట్నం క్లబ్బు వాళ్లు వచ్చి, నీళ్ల మీద ఆట పెడతామన్నారు. ఆడేవాడు కాళ్లకు చెక్క తొడుక్కుని, బోటుకు కట్టిన తాడు పట్టుకుని, నీళ్ల మీద తేలే ఎర్ర రబ్బరు బుగ్గల చుట్టూ పాములా మెలికలు తిరుగుతూ జారాలి. ఆరు ఎర్ర బుగ్గలు, బోటు దారికి అటూ ఇటూ పసుపువి పదహారు. ఒక్కో బుగ్గకు అడుగున ఒక రాయి, మధ్యలో తాడు. ఆ పనంతా చంద్రవ్వ మొగుడు ఉప్పలయ్య చేశాడు. తూము రాతి దగ్గర నుంచి అవతలి ఒంటి తాడిచెట్టు మీద చూపు నిలిపి, తెప్ప మీద నిలబడి తెడ్డుతో నడిమి గీత గీశాడు. ఆ గీతను పట్టుకునే రాళ్లన్నీ వేశాడు. క్లబ్బు వాళ్లు వచ్చి కొలవకముందే జ్వరంతో పోయాడు.

ఏడాది గడిచింది. చంద్రవ్వ రోజూ చెరువంతా ఊడ్చేది, ఆ ఒక్క గీత దగ్గర మాత్రం చీపురు పైకెత్తేది. మిగతావాళ్లు కూడా అక్కడ తెడ్డు ఎత్తి మెల్లగా దాటేవారు. ఉప్పలయ్యది ఫోటో కూడా లేదు మరి.

యాసంగి నాట్లకు నీరటి రాజమల్లయ్య తూము తెరిచిన ఐదో వారంలో, కొలతల సారు జీపులో దిగాడు. వెంట బోటు, బోటు నడిపే మహబూబ్. తెప్ప ఎక్కి టేపు పట్టిన సారు మూడో బుగ్గ దగ్గరే మొహం చిట్లించాడు.

"ఏ బుగ్గా ఉండాల్సిన చోట లేదమ్మా. అన్నీ కట్టవైపు జరిగాయి. సాయంత్రానికల్లా సరికాకపోతే విప్పుకుని పోతాం. పట్నంలో వేరే చెరువు చూశాం."

బుగ్గలు పోతే ఉప్పలయ్య చేతి పని మొత్తం పోయినట్టే. ఆయన్ను రెండోసారి కాటికి పంపడం చంద్రవ్వ వల్ల కాదు.

"రాళ్లు కదలలే సారూ. మా ఆయన ఏసిన రాళ్లు," అంది.

"మరి బుగ్గలెందుకు కదిలాయి?"

కట్ట మీద కూర్చున్న రాజమల్లయ్య బీడీ తీశాడు. "నీళ్లు దిగుతుంటే తాడు గుంజి కట్టినవా బిడ్డా?"

"కట్టిన పెదబాపూ. తూము ఇప్పినంక వారానికో మూర గుంజమని చెప్పి పోయిండు. తప్పకుంట గుంజిన."

"ఎవల మూర?"

చంద్రవ్వ తన చెయ్యి చూసుకుంది. మోచేయి నుంచి నడిమి వేలి కొసదాకా. ఉప్పలయ్య పక్కన నిలబడితే ఆమె తల అతని భుజానికి వచ్చేది. పెళ్లయిన కొత్తలో చేతులు పక్కపక్కన పెట్టి చూసుకుని నవ్వుకున్నారు కూడా. ఆమె మూర నాలుగు వేళ్లు తక్కువ. వారానికి నాలుగు చొప్పున ఐదు వారాలకు ఇరవై వేళ్ల తాడు వదులైపోయింది, గాలి ఎటు తోస్తే బుగ్గ అటు పోయింది.

"నా మూరనే పెదబాపూ," అంది. ఏడవడానికి తీరిక లేదు. కొంగు నడుముకు బిగించి నీళ్లలో దూకింది.

ఇరవై రెండు తాళ్లు. ప్రతి దానికీ ముడి విప్పి, ఇరవై వేళ్లు గుంజి, మళ్లీ కట్టింది. నాచు పట్టిన తాడు అరచేతుల్ని కోసింది. పదో బుగ్గ దగ్గర మహబూబ్ బోటు తెచ్చి, "నేను కడత అక్కా, నువ్వు జరసేపు కూసో," అన్నాడు.

"నీది ఇంకో మూర తమ్మీ. వద్దు," అంది.

పొద్దు వాలేముందు సారు మళ్లీ టేపు పట్టాడు. ఈసారి ఉప్పలయ్య గీత నుంచి ఇటు కొలిచాడు, అటు కొలిచాడు. ఆరు ఎర్ర బుగ్గలూ ఒకే దూరం వచ్చాయి. చివరిదాన్ని రెండుసార్లు కొలిచి, కళ్లజోడు తుడుచుకున్నాడు.

"బాగుంది. ఇక బోటు ఒకసారి నడిమి నుంచి పోవాలి. అప్పుడే కాగితం రాస్తా."

మహబూబ్ ఇంజను మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. "అక్కా, అన్న గీత పోతది."

చంద్రవ్వ తెప్పను గీత దగ్గరికి తోసింది. వంగి, ఒక్కసారి తడి వేళ్లతో దాన్ని ముట్టింది.

"పోనియ్యి. ఆయన గీసిందే బోటు నడవనీకి. నడుపు."

బోటు పోయింది. తెల్లటి నురగ తూము రాతి నుంచి తాడిచెట్టుదాకా పరుచుకుంది. దాని కింద సన్నటి పాత గీత ఇక కనపడలేదు. చంద్రవ్వ చీపురు తీసుకుని నురగంతా తనే ఊడ్చింది. ఏడుస్తూనే ఊడ్చింది, కానీ ఒక్క మరక మిగల్చలేదు.

సారు జీపు బానెట్ మీద కాగితం పరిచాడు. "రేపటి నుంచి కొలవడానికి నడిమి గీత కావాలి. వేసేవాడు లేడుగా. పట్నం నుంచి మనిషిని పంపుతా, ఇక వాడే చూసుకుంటాడు."

"ఎందుకు సారూ? నేను లేనా?"

ఆమె తెప్ప ఎక్కింది. తూము రాతికి వీపు తిప్పి, తాడిచెట్టు మీద చూపు నిలిపి, తెడ్డు ముంచింది. నీళ్లవైపు ఒక్కసారి కూడా చూడలేదు, ఉప్పలయ్య కూడా చూసేవాడు కాదు. అవతలి ఒడ్డు తగిలాకే వెనక్కి తిరిగింది.

సారు ఆ గీత నుంచి టేపు పట్టి చూసి తిరిగి వచ్చాడు. కాగితంలో ఆట దారి చూసుకునేవారు అన్న చోట మనిషి పేరు కోసం ఖాళీ వదిలి ఉంది. అక్కడ 'చంద్రవ్వ' అని రాసి, సంతకం పెట్టాడు.

మర్నాడు తెల్లారి ఆమె ఎప్పటిలాగే చెరువు ఊడ్చింది. కొంగలవి, బర్రెలవి, రాత్రి ఎవరో దొంగచాటుగా వల వేసినవి, అన్నీ ఊడ్చింది. నడిమి గీత దగ్గరికి వచ్చేసరికి చెయ్యి అలవాటుగా చీపురు పైకెత్తింది. అప్పుడు గుర్తొచ్చింది, అది తన గీతేనని.