తడి నేల మీద మచ్చలు

ఇంట్లో ఆమెను ఎలుకమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది అన్నయ్య. ఆమె ఉద్యోగం అలాంటిది మరి. ఎక్కడ కొత్తగా మేడలు లేవబోతున్నా, పునాదులు పడకముందే అక్కడ పొడుగాటి కందకాలు తవ్వించి, పాతకాలపు మనుషుల జాడలేమైనా ఉన్నాయేమో చూసి చెప్పాలి. సాయంత్రం ఇంటికి రాగానే అన్నయ్య, "కొండని తవ్వావు సరే, ఎలుకైనా దొరికిందా?" అనేవాడు. ఆమెతో సహా అందరూ నవ్వేవాళ్ళు.

ఈసారి ఆ పరాచికం లేదు. ఇప్పుడు తవ్వుతున్న చోట లేవబోయే మేడలో ఒక వాటా వాళ్ళదే. ఉన్నది రెండు గదుల అద్దెకొంప. వంటింట్లో ఎలుకమ్మ, ముందుగదిలో అమ్మ, అదే గదికి అడ్డంగా కట్టిన తెర వెనక అన్నయ్యా వదినా. కాపురానికి వచ్చిన నాటినుంచీ వదినకు గుసగుసగా మాట్లాడటమే అలవాటైపోయింది. నేలలో ఏదైనా బయటపడితే మేడ పని ఏళ్ళ తరబడి ఆగుతుంది. సొంతవాళ్ళ వాటా ఉందని ఆఫీసులో ముందే చెప్పి, ఎలుకమ్మ ఈ పని నుంచి తప్పుకోవాల్సింది. చెప్పలేదు. తప్పు అక్కడే మొదలైంది.

నిన్న మధ్యాహ్నం చివరి కందకం. పళ్ళు లేని బకెట్ తగిలించిన పొక్లెయిన్ పైమట్టిని పొరలు పొరలుగా గీరేసింది. ఎండకు నేలంతా ఒకటే రంగు. మోకాళ్ళ మీద కూర్చుని తాపీతో గీకుతుంటే ఒకచోట కాస్త నలుపు తోచింది. ఎండిన నేలలో ఏదీ తెలియదు. నీళ్ళు చల్లితే పాత గోతుల మచ్చలు పైకి తేలతాయి. ఈ పనిలో చేరినవాళ్ళకు మొట్టమొదట నేర్పేది ఆ సంగతే. నీళ్ళ స్ప్రేయర్ నిండుగా పక్కనే ఉంది. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని, మళ్ళీ కింద పెట్టేసింది. పొడినేలకే ఫోటోలు తీసి, ఆఫీసుకు ఫోన్ చేసి, "ఏమీ లేదండీ, రేపు పూడ్పించేస్తాను" అంది.

ఇంట్లో ఆ మాట చెప్పగానే వదిన గరిటె చేతిలో ఉండగానే ఆమెను కావలించుకుని, అమ్మ వింటోందన్న ధ్యాసైనా లేకుండా పెద్దగా నవ్వింది. ఎలుకమ్మ తేలు కుట్టిన దొంగలా కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుంది.

తెల్లవారుజామున వాన పడింది. అన్నం డబ్బా కూడా తీసుకోకుండా పరుగున వచ్చి చూస్తే, ఆమె చల్లకుండా వదిలేసిన నీళ్ళు వానే చల్లిపెట్టింది. కందకం అడుగున గుండ్రటి నల్లమచ్చలు వరసగా, వంపు తిరిగి ఉన్నాయి. గుంజలు పాతిన గోతులు. మధ్యలో ఎర్రగా కాలిన మట్టి. ఎప్పటివాళ్ళదో ఇల్లు, పొయ్యితో సహా.

పొక్లెయిన్ డ్రైవర్ బండి స్టార్ట్ చేసి, పూడ్చమంటారా అన్నట్టు చూశాడు. ఆమె తల తిప్పుకుని, కానిమ్మన్నట్టు చెయ్యి ఊపింది. అవతలి చివర మొదటి బకెట్ మట్టి పడింది.

అప్పుడే వదిన డబ్బా పట్టుకుని వచ్చింది.

"మర్చిపోయావు. పనిలో పని, మన ఇల్లెక్కడ వస్తుందో చూసిపోదామనిపించింది." గట్టు మీంచి లోపలికి వంగింది. "ఈ మచ్చలేంటి? ఎవరో కొలిచి పెట్టినట్టున్నాయే."

అబద్ధం నాలుక మీదే ఉంది. కానీ వదిన మొహం చూస్తూ ఆడటం ఆమె వల్ల కాలేదు.

"ఇల్లు వదినా. అవి గుంజలు పాతిన గోతులు. ఎర్రగా ఉన్నది పొయ్యి."

"మరి అడ్డంగా ఆ చిన్నవో?"

"లోపల తడిక కట్టుకున్నట్టున్నారు."

వదిన ఆ చిన్న మచ్చల వరసను చాలాసేపు చూసింది. "నిన్న ఏమీ లేదన్నావుగా?"

"నీళ్ళు చల్లితే కనిపిస్తాయని తెలుసు. చల్లలేదు. నీకోసమే వదినా." ఎలుకమ్మ పొక్లెయిన్ వైపు చూసింది. "ఇప్పుడు నువ్వే చెప్పు. పూడ్చేస్తే ఎవరికీ తెలీదు."

వదిన డబ్బాను మట్టిగుట్ట మీద పెట్టింది. తెర వెనక మాట్లాడినట్టే మెల్లగా అంది.

"నిన్న అబద్ధం నన్నడిగే చెప్పావా? మరి ఇవాళ నిజం చెప్పడానికి నన్నెందుకు అడుగుతున్నావు? పూడ్చమంటే బతికినన్నాళ్ళూ ఆ పొయ్యి మీదే వండుకుంటున్నట్టు ఉంటుంది నాకు. వద్దంటే నా ఇల్లు నా నోటితోనే పోగొట్టుకున్నట్టు. నీ బరువు నా నెత్తిన పెట్టకు."

ఎలుకమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. నిజం చెప్పి తన చేతులు కడుక్కుందామనుకుంది గానీ, ఆ మురికినీళ్ళు వదిన మీద పోస్తున్నానని తోచలేదు. మచ్చల వైపు మరో బకెట్ పైకి లేస్తోంది. కందకంలోకి దూకి, మచ్చల ముందు నిలబడి రెండు చేతులూ ఎత్తింది. డ్రైవర్ బండి ఆపేశాడు. అక్కణ్ణుంచే ఆఫీసుకు ఫోన్ కలిపి, "నిన్న నేను చెప్పింది అబద్ధమండీ" అని మొదలుపెట్టింది. అంతా చెప్పి వెనక్కి తిరిగేసరికి వదిన వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఎలుక దొరికిందా అని అన్నయ్య అడగలేదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియక, మొహం చెల్లక ఎలుకమ్మ వంటింట్లోనే ఉండిపోయింది. తెర వెనక అన్నయ్య గొంతు ఒక్కసారి లేచింది. వెంటనే వదిన గుసగుస. అంత చిన్న ఇంట్లో ఎవరి మాటైనా అందరికీ వినిపిస్తుంది.

"దాన్నేమీ అనకండి. నాకోసమే చేసింది."