మూడో అంతస్తు ఇల్లు ఎటు ఒరిగింది

నర్సింగం రోజూ పొద్దున్నే ఊరివాళ్ళ ఇళ్ళు సర్దడానికి బయలుదేరేవాడు. వడోద్‌లోని అతని సొంత గదిలో మాత్రం ట్రంకుపెట్టె అడ్డం ఉండి తలుపు సగమే తెరుచుకునేది. పక్కకు తిరిగి, పొట్ట బిగబట్టి బయటికొచ్చేవాడు. దీనికి నవ్వే హక్కు ఈ కథ రాస్తున్నవాడికి లేదు. మా ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీలో మూడేళ్ళుగా ఉతికిన బట్టలే కూర్చుంటున్నాయి.

కరోనా రాకముందు నర్సింగం చీరల మార్కెట్లో మడతలు వేసేవాడు. చీరలోపల అట్ట పెట్టి, మరకపడ్డ చోటు కిందికి పోయేలా, అంచు పైకి నవ్వేలా మడిచి డబ్బాలో పెట్టడం అతని విద్య. మార్కెట్ మూతపడ్డాక చేతులు ఊరుకోలేదు. తువ్వాళ్ళు మడిచాడు, లుంగీలు మడిచాడు, చివరికి ఉల్లిగడ్డల సంచులు కూడా అంచు పైకి వచ్చేలా మడిచాడు. "ఇగ నన్నొక్కదాన్నే మిగిలిచ్చినవ్. మడతవెట్టి డబ్బల వెట్టరాదు?" అంది భార్య విజయశ్రీ.

ఆ మడతలు చూసి ఇళ్ళ దలాల్ జిగ్నేశ్‌భాయ్ అమ్మకానికొచ్చిన ఇళ్ళు సర్దే పనిలో అతన్ని పెట్టుకున్నాడు. "నర్సింగ్‌భాయ్, చీరైనా ఇల్లైనా ఒకటే ధంధా. పై మడత చూసే కొంటారు," అన్నాడు. అప్పటినుంచి నర్సింగం ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాడు. కిటికీకి ఎదురుగా అద్దం పెడితే గది రెండింతలవుతుంది. గాజుగిన్నెలో నిమ్మకాయలు పెడితే ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉన్నట్టుంటుంది. ఎందుకో అతనికి తెలియదు, వీడియోలో పెట్టారు కాబట్టి పెట్టాడు. అమ్ముడుపోని చీరలతో పరదాలు, దిండుగలేబులు కుట్టించాడు. అన్నిటికంటే ముఖ్యమైన సూత్రం ఒకటుంది. కొనేవాళ్ళు చూడ్డానికి వచ్చినప్పుడు ఇంటివాళ్ళు ఇంట్లో ఉండకూడదు.

కరోనా వచ్చిన రెండో ఏడు, దీపావళి దాటాక, డిండోలిలో భూదేవి ఇల్లు అతని చేతికొచ్చింది. మూడో అంతస్తు, రెండు గదులు, ఒక హాలు. భూదేవి భర్త సోమలింగం మగ్గాల కార్ఖానాలో మేస్త్రీ. ఏప్రిల్లో దగ్గుతో ఆసుపత్రికి పోయి మళ్ళీ రాలేదు. ఆ వారంలోనే ఆ ఇల్లు ఒరగడం మొదలుపెట్టింది.

బిల్డింగ్ మొత్తంలో ఆ ఒక్క ఇల్లే ఒరిగేది. కింది అంతస్తు ఎల్లవ్వ పప్పు ఇవ్వడానికొస్తే గిన్నె సగమే నింపుకొని వచ్చేది. గ్యాస్ బండ తెచ్చేవాడు దాని కింద ఇటుకముక్క పెట్టిపోయేవాడు. ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు జిగ్నేశ్‌భాయ్ ప్రకటనలో నిజాయితీగానే రాశాడు: గాలి, వెలుతురు, లిఫ్టు, హాల్లో కుర్చీవైపు కొద్దిగా వాలు.

ఆ కుర్చీ సోమలింగానిది. దాని పక్కనే నేల మీద చాప వేసుకొని భూదేవి పగలంతా కూర్చునేది, రాత్రి అక్కడే పడుకునేది.

"చూసినవా తమ్మీ," అంది ఆమె, మొదటిరోజు నర్సింగం పెట్టిన నిమ్మకాయలు గిన్నెలోంచి దొర్లి ఆమె చాప దగ్గరకు రాగానే. "ఏది వెట్టినా ఆయన కుర్చీకాడికే పోతది."

"ఎప్పుడూ గిటే పోతదా అక్కా?"

"వంటింట్ల నేను అన్నం వండేటప్పుడు అటు దిక్కు పోతది. ఆకలైతాందేమో ఆయనకు, వచ్చి నిలవడ్డడనుకుంట." చాప అంచు సరిచేసుకుంటూ అంది. "ఇంటికి ఆయనే గావాలె తమ్మీ. నేను గాదు. పొద్దంత ఆయన దిక్కే జూస్తుంటది. మరి నేనెందుకుండాలె గీడ? కడోదరాల మా చెల్లె లింగవ్వ ఇంటికి పోత. అది చిన్నదైనా సక్కగ నిలవడ్డ ఇల్లు."

చీరకు మరకుంటే నర్సింగం మడతలో దాస్తాడు గానీ, దీన్ని ఎటు మడవాలి? అందుకని పని మొదలుపెట్టాడు. గోడమీద ఫోటోలు తీసి గుడ్డలో చుట్టాడు. కుర్చీ తీసి లోపలి గదిలో పెట్టాడు. ఇల్లు ఒరగడం మానలేదు. భూదేవి చాపమీదే కూర్చొని ఉంది, నిమ్మకాయలు అక్కడికే వస్తున్నాయి. "కుర్చీ తీసినా జాగ యాదికుంది దానికి," అంది ఆమె.

చివరికి తన పాత విద్యే వాడాడు. చీరల అట్టలు కత్తిరించి మంచంకోళ్ళకింద, బల్లకింద, బీరువాకింద పొరలు పొరలుగా పేర్చాడు. గ్లాసులో నీళ్ళు పోసి అన్నింటిమీదా పెట్టి చూశాడు. రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ భూదేవి చాపమీద కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తూ, "ఎడమదిక్కు ఇంకో అట్ట వెట్టు. గంత పొదుపేంది?" అని అజమాయిషీ చేసింది. శనివారం సాయంత్రానికి గ్లాసుల్లో నీళ్ళు కదలకుండా నిలిచాయి. నర్సింగం తన భుజం తానే తట్టుకున్నాడు. తట్టేవాళ్ళు ఇంకెవరూ లేరు మరి.

ఆదివారం పదకొండింటికి కొనేవాళ్ళొచ్చారు. శ్రీప్రియ పళ్ళ డాక్టరు, భర్త శివకృష్ణ కంప్యూటర్ ఉద్యోగి. ఇద్దరివీ మాస్కులు. విజయవాడ దగ్గరివాళ్ళు, అద్దె ఇంట్లో అలిసిపోయారు. సూత్రం ప్రకారం భూదేవి సంచీ తీసుకొని కూరగాయల బండి దగ్గరకు దిగిపోయింది.

ఆమె మెట్లు దిగుతుండగానే హాలు మెల్లగా అటు తిరిగింది. అట్టల మీద నిలబెట్టిన బల్ల ఎదురుదిక్కుకు ఒరిగింది. నిమ్మకాయలు గిన్నె దాటి, గుమ్మం దాకా దొర్లి ఆగాయి. పరదాలు గోడకు ఎడంగా వేలాడాయి.

శ్రీప్రియ తలుపు పట్టుకుంది. "వాలు కుర్చీవైపు అని కదండీ రాశారు? ఇది రోడ్డు వైపు ఉందే?"

"నాదే తప్పు మేడం," అన్నాడు నర్సింగం చెమట తుడుచుకుంటూ. "నేను చీరలు మడిచెటోన్ని. అట్టలు ఒకటో రెండో ఎక్కువైనట్టున్నయి."

"పర్లేదులెండి," అన్నాడు శివకృష్ణ. "రోడ్డు వైపైతే మంచిదేగా, ఊడ్చిన దుమ్ము దానంతటదే బయటికి పోతుంది. ప్రియా, నాకు నచ్చింది. ఇవాళే టోకెన్ ఇచ్చేద్దాం."

నర్సింగం గుండె తేలికపడింది. జిగ్నేశ్‌భాయ్‌కి ఫోన్ చేద్దామని కిటికీ దగ్గరకు వెళ్ళాడు, అక్కడైతే సిగ్నల్ బాగుంటుందని. కింద భూదేవి మెంతికూర బండి దగ్గర బేరమాడుతోంది. బేరం కుదరక నాలుగడుగులు వేసి వంకాయల బండి దగ్గరకు వెళ్ళింది. అతని వెనక నిమ్మకాయలు దొర్లిన చప్పుడైంది. ఆమె తిరిగి మెంతికూర దగ్గరకొచ్చింది. నిమ్మకాయలూ తిరిగొచ్చాయి.

నర్సింగం ఫోన్ చెవి దగ్గర పెట్టుకొనే నిలబడ్డాడు. అటునుంచి జిగ్నేశ్‌భాయ్ "బోలో, బోలో" అంటున్నాడు. ఒక్కమాట చెబితే బేరం అయిపోతుంది. సాయంత్రానికి ఆమె లింగవ్వ ఇంటికి మూట కడుతుంది. ఇల్లు తనను వద్దన్నదనే అనుకుంటూ మిగిలిన బతుకంతా చక్కగా నిలబడ్డ ఇంట్లో గడుపుతుంది. ఇన్నేళ్ళు మరకలు దాచి బతికాను, ఇది మాత్రం దాచలేను అనుకున్నాడు. ఫోన్ జేబులో పెట్టుకొని కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"అక్కా! జర కుడిదిక్కు నడువు!"

భూదేవి తలెత్తింది. "ఎందుకురా?"

"నడువక్కా, ఎందుకో తర్వాత జెప్త!"

కుడికి నడిచింది. హాల్లో బీరువా తలుపు కుడికి తెరుచుకుంది. "ఇప్పుడు ఎడమదిక్కు!" ఎడమకు నడిచింది. బీరువా తలుపు టప్పున మూసుకుంది. శివకృష్ణ కిటికీ దగ్గరకొచ్చి తనూ తల బయట పెట్టాడు. "ఆంటీ, ఒకసారి వెనక్కి రండి!" అన్నాడు ఉత్సాహంగా. మెంతికూర బండివాడు కూడా చేతులూపి దారిచూపించాడు. భూదేవి ఇద్దరినీ తిట్టుకుంటూ పైకొచ్చింది.

ఆమె గుమ్మంలో అడుగుపెట్టేసరికి హాలంతా ఆమెవైపే వాలి ఉంది. పరదాల చివర్లు, దీపం, గోడగడియారం లోలకం అన్నీ. ఆమె పక్కకు జరిగింది. అవీ జరిగాయి. పిల్లలాట ఆడినట్టు రెండోవైపుకు జరిగింది. అన్నీ వచ్చాయి. చేతిలో మెంతికూర కట్ట కిందపెట్టడం మరిచిపోయింది.

"కుర్చీ దిక్కు గాదక్కా," అన్నాడు నర్సింగం. "నువ్వు ఎప్పుడూ కుర్చీ పక్కనే కూసుంటివి. అందుకే మనకు తెల్వలే."

భూదేవి చిన్నగా అడిగింది. "మరి ఆయనున్నప్పుడు ఎన్నడూ ఒరగలేదు గదరా?"

నర్సింగం బుర్ర గోక్కున్నాడు. దీనికి ఏ వీడియోలోనూ జవాబు లేదు. "అప్పుడు నిన్ను ఆయన జూసుకుంటుండె," అన్నాడు. "ఇంటికి పనిలేకుండె."

ఆమె హాలు నడిమధ్యకు నడిచి అక్కడే నేలమీద కూర్చుంది. ఏడు నెలల్లో ఆ చోట ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. ఇల్లు ఒకసారి సర్దుకుంది, తలుపులు మెల్లగా మూలిగాయి, ఆ తర్వాత మట్టం చూసి కట్టినట్టు చక్కగా నిలబడింది. పరదాలు నిటారుగా దిగాయి. భూదేవి మాస్కు కిందికి లాగి, కొంగుతో ముఖమంతా తుడుచుకుంది. అక్కడ కూర్చొనే ఫోన్ తీసింది.

"లింగవ్వా, నేను వస్తలేనే. ఏం లేదే, మంచిగనే ఉన్న. ఇల్లు ఒప్పుకుంటలేదు."

శ్రీప్రియ భర్తవంక చూసింది. శివకృష్ణ టోకెన్ కవరు మళ్ళీ సంచీలో పెట్టుకున్నాడు. "మాకు ఇంకో ఇల్లు దొరుకుతుందిలెండి ఆంటీ," అన్నాడు. నర్సింగం ఇంట్లో విజయశ్రీకి చెప్పాల్సిన అబద్ధం ఒకటి ఆలోచించాడు, మడత సరిగ్గా కుదరక మానేశాడు.

"నిలవడ్డరేంది, కూసోండ్రి," అంది భూదేవి. అందరికీ కుర్చీలు చూపించింది. ముగ్గురూ కూర్చున్నారు. "చాయ్ వెడ్త," అని లేచి వంటింట్లోకి నడిచింది.

ముగ్గురూ కుర్చీలతో సహా, మోకాళ్ళు దగ్గరగా పెట్టుకొని, మర్యాదగా ఆమె వెనకే జారుకుంటూ పోయారు.

"నాకు చక్కెర కొంచెం తక్కువండీ," అంది శ్రీప్రియ, వంటింటి గడప దగ్గర ఆగాక.